కంప్యూటరు కబుర్లు: పాత చీటీతో చిక్కు

2006 ఆగస్టులో తాపీ నది సూరత్ నగరాన్ని ముంచెత్తిన సంగతి తెలిసిన మనకు, విద్యుత్తు చెప్పాపెట్టకుండా పోగలదని ఎవరూ నేర్పనక్కరలేదు. అంత ఉపద్రవం రానవసరం లేదు. యు.పి.ఎస్. బ్యాటరీ చేతులెత్తేసినా సర్వరు ఉన్నపళాన ఆగిపోతుంది. విద్యుత్తు తిరిగి వచ్చాక యంత్రం లేస్తుంది గాని, ఒక్కొక్కప్పుడు అందులోని సర్వీసు మాత్రం 'ఇదివరకే నడుస్తున్నాను' అని మొరాయిస్తుంది. ఈ విడ్డూరానికి కారణం ఒక చిన్న చీటీ.

సర్వరు ప్రోగ్రాము ఆరంభం కాగానే, ఆపరేటింగు సిస్టము తనకిచ్చిన ప్రాసెస్ సంఖ్యను ఒక ఫైలులో రాసుకొంటుంది. అదే పి.ఐ.డి. ఫైలు. సక్రమంగా ఆగినప్పుడు దానిని తానే తొలగిస్తుంది. హఠాత్తుగా ప్రాణం పోయినప్పుడు తొలగించేవారెవరు?

ఆ చీటీని తీసిపారవేయమని బూట్ స్క్రిప్టులో ఒక పంక్తి చేర్చే అలవాటు కొందరికి ఉన్నది. మాకది సమ్మతం కాదు. సబ్‌స్టేషనులో బ్రేకరుకు వేలాడే 'పని జరుగుచున్నది' పలకను, పాతదై ఉంటుందిలే అనుకొని ఎవరైనా తీస్తారా? లైను మీద మనిషి లేడని రూఢి చేసుకొన్న తర్వాతే కదా! అదే స్క్రిప్టును ఎవరో ఒకరు సర్వరు నడుస్తుండగా నడిపించగలరు. ఒకే డేటా మీద రెండు సర్వర్లు రాయసాగితే, జీతాల పట్టీ మొదలు స్టోర్సు లెక్కల దాకా దేనిని నమ్మాలో తెలియదు.

చీటీలోని సంఖ్య గల ప్రాసెస్ సజీవంగా ఉన్నదా అని చూస్తే చాలునా? యూనిక్స్‌లో 'కిల్' ఆదేశానికి 0 సంకేతమిస్తే ఆ సంగతి తెలుస్తుంది (పేరు విని భయపడనక్కరలేదు, దేనినీ చంపదు). అయితే యంత్రం లేచిన ప్రతిసారీ ప్రోగ్రాములు ఇంచుమించు అదే వరుసలో ఆరంభమవుతాయి. నిన్నటి డేటాబేసు సంఖ్య నేడు ముద్రణ సర్వీసుకు దక్కవచ్చు, పాత ఉద్యోగి టోకెను నంబరును కొత్తవారికిచ్చినట్లు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇది ఎరిగి, పాత సర్వరు వాడిన షేర్డ్ మెమరీ ఇంకా ఎవరి వాడుకలోనైనా ఉన్నదా అని కూడా పరిశీలిస్తుంది. దాని చీటీ డేటా డైరెక్టరీలోనే ఉంటుంది గనుక రీబూటుతో పోదు.

తక్కిన సర్వీసులకు ఈ బెడద చాలావరకు తీరింది. నేటి లినక్స్‌లో చీటీలుండే 'రన్' డైరెక్టరీ మెమరీలోనిదే. విద్యుత్తుతో పాటు అవీ మాయమవుతాయి. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ, ఏ ప్రాసెస్ ఏ సర్వీసుదో కెర్నెలు సాయంతో గుర్తిస్తుంది. సొంతంగా ప్రోగ్రాములు రాసే మిత్రులు చీటీకి 'ఎఫ్‌లాక్' తాళం వేయడం మేలు. ప్రాసెస్ ఎలా పోయినా ఆ తాళాన్ని కెర్నెలే విప్పుతుంది.

చేతితో చీటీ తీయక తప్పనప్పుడు, ముందుగా 'పీఎస్' ఆదేశంతో మూల ప్రాసెస్‌నే కాక, దాని పిల్ల ప్రాసెస్‌లు కూడా ఏవీ మిగలలేదని చూసుకోవలెను.