కెప్టెన్ గదికి రెండు ఫోన్లు

2015 అక్టోబరు 1 ఉదయం బహామాస్ దగ్గర ‘ఎల్ ఫారో’ అనే అమెరికన్ సరకు ఓడ తుఫానులో మునిగిపోయింది. అందులో ఉన్న 33 మందిలో ఒక్కరూ బతకలేదు. మరుసటి ఏడాది దాదాపు 15 వేల అడుగుల లోతు నుంచి దాని రికార్డర్‌ని పైకి తీశారు. ఓడను నడిపే గది (దాన్నే బ్రిడ్జ్ అంటారు)లో చివరి 26 గంటల మాటలు అందులో ఉన్నాయి.

రాత్రి పదకొండు దాటాక థర్డ్ మేట్ కెప్టెన్ గదికి ఫోన్ చేశాడు, తుఫాను మన దారికే వస్తోందని. ఒంటిగంట దాటాక సెకండ్ మేట్ చేసింది, దక్షిణం వైపు తిరిగితే ఎలా ఉంటుందని. రెండుసార్లూ ఓడ దారి మారలేదు. కెప్టెన్ బ్రిడ్జ్ మీదికి వచ్చేసరికి నాలుగు దాటింది.

టెక్నాలజీ మీద రాసుకునేవాణ్ని కాబట్టి నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటుంది. కెప్టెన్ నమ్ముకున్న వాతావరణ సమాచారం గంటల తరబడి పాతది. మేట్‌ల ముందున్నది అంతకన్నా తాజాది. అంటే సరైన డేటా అదే ఓడలో ఉంది. అది కింద నుంచి పైకి చేరలేదు, అంతే. దర్యాప్తు సంస్థ కంపెనీ భద్రతా వ్యవస్థని, పాత లైఫ్‌బోట్లని కూడా తప్పుపట్టింది. కానీ కెప్టెన్ తన ఆఫీసర్ల సూచనల్ని సరిగా పట్టించుకోకపోవడం కూడా కారణమేనని తేల్చి చెప్పింది.

ఈ జబ్బుకి మందు మొదట విమానాలవాళ్లు కనిపెట్టారు. 1977లో టెనరీఫ్‌లో రెండు జంబోజెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే ఇంకా ఖాళీ కాలేదేమోనని ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ కొట్టిపారేశాడు. ఇలాంటి ప్రమాదాల తర్వాత కాక్‌పిట్‌లో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ పుట్టింది. ఓడల్లో దాని పేరు ‘బ్రిడ్జ్ రిసోర్స్ మేనేజ్‌మెంట్’. నావికుల శిక్షణపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో మనీలాలో చేసిన సవరణలతో అది తప్పనిసరైంది. అవి 2012 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. సరిగ్గా పన్నెండు రోజులకి ఇటలీలో ‘కోస్టా కాంకార్డియా’ రాళ్లకి గుద్దుకుంది, 32 మంది పోయారు. రాత్రిపూట ఓడని దీవికి అంత దగ్గరగా తీసుకెళ్తుంటే బ్రిడ్జ్ మీదున్నవాళ్లు ఎవరూ గట్టిగా అడ్డుచెప్పలేదు.

కాబట్టి సర్టిఫికెట్‌తో పని జరగదు. దీన్ని ‘సాఫ్ట్ స్కిల్స్’ అనడం కూడా నాకు నచ్చదు. ఆ మాట వినగానే టై కట్టుకుని నవ్వడం గుర్తొస్తుంది మనకి. ఇక్కడ నేర్పేది వేరు. ఇచ్చిన ఆర్డర్‌ని చుక్కాని దగ్గరున్న మనిషి తిరిగి పైకి చెప్పడం, దాన్ని ఆఫీసర్ విని సరిచూడటం. అనుమానాన్ని నసగకుండా చెప్పడం: ఏం కనిపిస్తోంది, ఎందుకు భయం, ఏం చేద్దాం. అసలు కష్టం అక్కడే. ‘సార్, కొంచెం చూస్తారా’ అనడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. క్లాసులో మాస్టారు బోర్డు మీద లెక్క తప్పు చేస్తే ఎంతమందిమి చెయ్యెత్తాం? నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి సీనియర్ తప్పు ఫైల్ ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. పోయింది సర్వర్ మాత్రమే, తెల్లారేసరికి లేపాం.

విశాఖలో మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఇంటర్ తర్వాత నాటికల్ సైన్స్ వైపు చూసే మనవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నా మాట ఒక్కటే. ఏ శిక్షణ సంస్థలోనైనా చేరేముందు ఫీజు, ప్లేస్‌మెంట్‌తో పాటు సిమ్యులేటర్ గురించి కూడా అడగండి. అందులో ఎన్ని గంటలు కూర్చోబెడతారు? కెప్టెన్ కావాలని తప్పు ఆర్డర్ ఇచ్చే అభ్యాసం ఉంటుందా? ఆ తర్వాత మీ మాటల రికార్డింగ్ పెట్టి చర్చిస్తారా? ఇంకోటి, ఆ గదిలో సీనియర్లు కూడా కూర్చుంటారా? ఎందుకంటే ఎల్ ఫారోలో జూనియర్లు ఫోన్ చేశారు.