సరుకు వెంట వచ్చే విద్య

విదేశీ వాణిజ్యం వర్ధమాన దేశాలకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న చర్చ పాతదే. ఎగుమతుల విలువలోనుండి దిగుమతుల విలువను తీసివేసి, మిగిలినదే లాభమని ఎంచడం మనకు పరిపాటి. ఈ లెక్కకు అందని లాభం మరొకటి ఉన్నది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ అనుభవమే ఇందుకు నిదర్శనం.

1970వ దశకంలో ఆ దేశానికి ప్రధానమైన ఎగుమతి జనపనార, దానితో తయారైన వస్తువులు. ఆ కాలంలోనే సంపన్న దేశాలు 1974 నాటి మల్టీ ఫైబర్ ఒప్పందం కింద దక్షిణ కొరియా వంటి దేశాల దుస్తులపై కోటాల రూపంలో పరిమితులు విధించాయి. ఈ పరిమితులు వర్తించని చోటును వెదకుతూ కొరియాకు చెందిన దేవూ సంస్థ 1978లో దేశ్ గార్మెంట్స్ అనే బంగ్లాదేశ్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నది. మరుసటి సంవత్సరం 130 మంది ఉద్యోగులు పూసాన్ నగరంలోని దేవూ కర్మాగారంలో శిక్షణ పొందారు. 1980లో ఉత్పత్తి ఆరంభమయింది. ఆ దశకంలోనే వారిలో 115 మంది సంస్థను విడిచి, సొంత కర్మాగారాలు స్థాపించారు లేదా ఇతర కర్మాగారాలలో చేరారు. సంస్థకు ఇది నష్టమే. దేశానికి మాత్రం ఒక పరిశ్రమకు ఇదే నాంది అయింది.

ప్రభుత్వం చేసిన రెండు ఏర్పాట్లు ఇందుకు తోడయ్యాయి. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌నే హామీగా చూపి బట్టను అరువుపై దిగుమతి చేసుకోవచ్చు. ఆ బట్టను సుంకం చెల్లించకుండా బాండెడ్ గిడ్డంగిలో నిలువ చేసుకోవచ్చు. దీనివలన స్వల్ప మూలధనం కలవారు సైతం ఈ రంగంలో ప్రవేశించగలిగారు. నేడు ఆ దేశపు ఎగుమతి ఆదాయంలో 80 శాతానికి పైగా దుస్తులనుండే లభిస్తున్నది.

అయితే ఈ అభివృద్ధికి చెల్లించిన మూల్యాన్ని విస్మరించరాదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. ముందురోజే గోడలలో పగుళ్లు కనిపించినా కార్మికులను పనిలోకి రప్పించారు. గడువులోగా సరుకు పంపాలన్న తొందర భద్రతను మింగివేసింది. కుట్టుపని నేర్పిన వాణిజ్యం దానంతటదే భద్రతను నేర్పదు. అది ప్రభుత్వమూ, యాజమాన్యమూ, ఇంజనీర్లూ కలిసి నెరవేర్చవలసిన బాధ్యత.

విదేశీ యంత్రాలను కొనే మన వంటి సంస్థలకూ ఇందులో పాఠమున్నది. ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు ధరనూ, గడువునూ క్షుణ్ణంగా పరిశీలిస్తాము. ఎందరు మనవారు శిక్షణ పొందుతారు, తిరిగి వచ్చి ఎందరికి నేర్పుతారు, ఆ యంత్రం వద్ద పనిచేసేవారికి ఎట్టి రక్షణ ఉన్నది అన్న ప్రశ్నలకు కూడ అదే కాగితంపై సమాధానం ఉండాలి.