మోటారు ముచ్చట్లు: పొద్దున్నే గలగలలాడే గొలుసు

గిద్దలూరు నుంచి ఒక పాఠకులు వ్రాశారు. ఆయనకు తండ్రిగారి నాటి అంబాసిడరు కారు ఒకటి వున్నదట. ఆ యింటి పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ, తిరునాళ్ళూ అన్నీ ఆ బండి మీదనే జరిగాయట. కొద్ది నెలలుగా పొద్దున్నే స్టార్టు చేయగానే ఇంజను ముందు వైపు నుంచి గలగలమని చప్పుడు వస్తున్నది. రెండు నిముషాల్లో తగ్గిపోతున్నది. ఒక మేస్త్రీ "ఇంజను దించవలసిందే" అన్నాడు. మరొక మేస్త్రీ "చిక్కటి ఆయిలు పోయించండి, అదే పోతుంది" అన్నాడు. ఎనభై యేళ్ళ తల్లిగారిని ఆ బండిలో శ్రీశైలం తీసుకువెళ్ళాలని వారి సంకల్పం. "ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు?" అని ప్రశ్న.

అయ్యా, ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. చిక్కటి ఆయిలు పోయించి మోసపోయినవాణ్ణి నేనే గనుక ఆ సంగతి ముందు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా బండి కూడా ఇల్లాగే పొద్దున పూట గలగలలాడేది. ఆయిలు మార్చాను, చప్పుడు తగ్గింది, సంతోషించాను. ఒకనాటి సాయంత్రం నంద్యాల నుంచి గిద్దలూరు వస్తున్నాము. గాజులపల్లె దాటి నల్లమల ఘాటు ఎక్కుతుండగా ఒక మలుపులో ఇంజను ఠప్పున ఆగిపోయింది. స్టార్టరు నొక్కితే తిరుగుతుంది, కార్బురేటరులో నుంచి తుమ్ముతుంది, అంటుకోదు. బండిలో మా అమ్మ, ఏడు నెలల మనుమరాలు. చీకటి పడింది. ఫోనుకు సిగ్నలు లేదు. పాపకు పాలు అయిపోయాయి. రెండు గంటల తరువాత ఒక లారీ డ్రైవరు దయ తలచి మమ్మల్ని దిగువమెట్ట మీదుగా గిద్దలూరు చేర్చాడు.

మరునాడు మెకానిక్కు మూత విప్పి చూసి, "ఏంది సార్, ఇన్నాళ్ళూ ఇది అరుస్తా వుంటే చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అన్నాడు. టైమింగు గొలుసు సాగి, రెండు పళ్ళు జారింది. నాకు జవాబు లేదు.

ఆ మెకానిక్కు షెడ్డులో ఒక మార్కాపురం పలక వున్నది. దాని మీద సుద్దముక్కతో రెండు చక్రాలు గీశాడు. అడుగున చిన్నది, పైన పెద్దది, రెంటినీ చుట్టి గొలుసు. చిన్నది క్రాంకుషాఫ్టుది, పెద్దది కాంషాఫ్టుది. పిస్టన్లు పైకీ కిందికీ పోవడం క్రాంకు పని, వాల్వులు తెరవడం కాము పని. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కాము ఒక చుట్టు తిరగాలి. అందుకే చిన్న చక్రానికి 20 పళ్ళుంటే పెద్దదానికి 40 వుంటాయి. గొలుసు పెద్ద చక్రం మీద ఒక్క పన్ను జారితే కాములో 9 డిగ్రీలు, అంటే క్రాంకు లెక్కన 18 డిగ్రీలు తేడా అన్నమాట. మాకు జారినవి రెండు. పిస్టను రమ్మన్నప్పుడు వాల్వు రాలేదు, పొమ్మన్నప్పుడు పోలేదు.

గొలుసు సాగింది అంటాము గాని, నిజానికి ఇనుము సాగదు. ప్రతి కీలులోనూ పిన్నూ, బుష్షూ అరుగుతాయి. 60 కీళ్ళ గొలుసు అనుకోండి. ఒక్కొక్క కీలు మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగినా మొత్తం మీద 1.2 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. సైకిలు గొలుసు పాతబడి జారడం ఎరుగుదురు గదా, ఇదీ అంతే. ఆయిలు వేళకు మార్చకపోయినా, మట్టం తగ్గినా అరుగుదల త్వరపడుతుంది.

చప్పుడు పొద్దున్నే ఎందుకు? రాత్రంతా ఆయిలు అడుక్కు దిగివుంటుంది. స్టార్టు చేసిన కొన్ని క్షణాల దాకా గొలుసుకు తడి వుండదు. గొలుసును బిగించే టెన్షనరు ఆయిలు ఒత్తిడితో పనిచేసే రకమైతే దానికి బలమూ రాదు. ఆయిలు అందగానే చప్పుడు అణుగుతుంది. అణిగింది గాని అరుగుదల పోలేదు. చిక్కటి ఆయిలు చేసేది కూడా ఇంతే.

ఇక బండిని పరీక్షించే విధానం. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన టైమింగు మూతకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఫ్యానుకు జాగ్రత్త. చప్పుడు అక్కడే బిగ్గరగా వుంటే, యాక్సిలరేటరు వదిలినప్పుడు గలగల హెచ్చితే, గొలుసును అనుమానించవలసిందే. తరువాత ఇంజను ఆపి, బ్యాటరీ తీగ తీసి, ప్లగ్గులు విప్పి, డిస్ట్రిబ్యూటరు మూత తీయండి. క్రాంకు పుల్లీని చేత్తో ముందుకు తిప్పి ఆపండి. ఇప్పుడు మెల్లగా వెనక్కు తిప్పుతూ లోపలి రోటరును చూడండి. పుల్లీ కదిలినా రోటరు కదలని ఆ కాస్త దూరమే వదులు. అది క్రాంకు మీద ఐదారు డిగ్రీలు దాటితే మూత విప్పి చూడాలి. డిస్ట్రిబ్యూటరు పళ్ళ వదులు కూడా ఇందులో కొంత కలుస్తుంది గనుక తుది తీర్పు మూత విప్పిన తరువాతనే.

దీనికి ఇంజను దించనక్కరలేదు. 1959లో అంబాసిడరుకు వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో అయితే నీళ్ళు వదిలి, రేడియేటరు తీసి, ఫ్యాను బెల్టు, క్రాంకు పుల్లీ విప్పితే టైమింగు మూత చేతికందుతుంది. చక్రాల మీద గుర్తులున్నాయి. ఇంజను తిప్పి ఆ రెండు గుర్తులూ ఎదురెదురుగా వచ్చాక మాత్రమే గొలుసు ముట్టండి. రెండు చక్రాలనూ గొలుసుతో సహా కొద్దికొద్దిగా కలిపి లాగాలి.

కొత్త గొలుసు ఒక్కటే వేసి ఊరుకోవద్దు. పాత చక్రాల పళ్ళు కొక్కేల్లాగా వంగివుంటే కొత్త గొలుసును త్వరలోనే తినేస్తాయి. చక్రాలు, టెన్షనరు, ఆయిలు సీలు కూడా అప్పుడే మార్చండి. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయింది గనుక అంగట్లో దొరికే సామాను అన్నీ ఒక్క తీరున వుండవు. గొలుసును పక్కవాటుగా అడ్డంగా పట్టుకుని చూడండి. పాతది విల్లులా వంగుతుంది. కొత్తది కూడా అల్లాగే వంగితే తిరిగి ఇచ్చేయండి.

అమర్చిన తరువాత స్టార్టరు నొక్కే తొందర వద్దు. చేత్తో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తులు మళ్ళీ ఎదురెదురుగా రావాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకండి, విప్పి సరిచూడండి. తరువాత మూత బిగించి, ఇగ్నిషను టైమింగు తిరిగి సరిచేయించాలి.

కొత్త కార్లవారికి ఒక మాట. నేటి ఇంజనుల్లో చాలావాటికి గొలుసు జారితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని వంచేస్తాయి. ఖర్చు పదింతలు. వాటిలో క్రాంకు, కాముల పొంతన తప్పితే కంప్యూటరు దీపం వెలిగించి పి-0016 వంటి గుర్తు చూపుతుంది. ఆ గుర్తుకు గొలుసే కాదు, చెడిన సెన్సారు కూడా కారణం కావచ్చు. వాటిని కదలకుండా బంధించే పనిముట్లు లేనివారి చేత విప్పించవద్దు.

గిద్దలూరు మిత్రులకు నా సలహా ఇది. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. అంతా అడవి, పులుల అభయారణ్యం. రాత్రి పూట బండ్లను పోనివ్వరు. గొలుసు వెనుకబడిన ఇంజనుకు ఎత్తులో బలం చాలదు, వేడెక్కుతుంది. పల్లంలో యాక్సిలరేటరు వదిలినప్పుడు వదులు గొలుసు మరింత కొట్టుకుంటుంది. ముందు పుల్లీ పరీక్ష చేయించండి. వదులు తేలితే గొలుసు మార్పించి, గిద్దలూరు, మార్కాపురం మధ్య మైదానంలో నాలుగు రోజులు తిప్పి చూసుకోండి. ప్రయాణం ఒక నెల ఆలస్యమైనా మల్లన్న ఏమీ అనుకోడు. మీ అమ్మగారిని అడవిలో మలుపు దగ్గర కూర్చోబెట్టి లారీ కోసం ఎదురుచూడడం ఎల్లా వుంటుందో నాకు తెలుసు. మా అమ్మ ఆ రాత్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.