సాక్షియు దైవమును

ఎన్నికలు దగ్గరపడినపుడెల్ల మన రాజకీయ నాయకులు ఒకరినొకరు కాణిపాకమునకు పిలుచుకొనుట పరిపాటి యైపోయినది. నీవు ప్రజాధనము తింటివని యొకరు, తినలేదని వేరొకరు. అట్లైన వినాయకుని సన్నిధిని ప్రమాణము చేయుమని మొదటివారు, నీవే ముందు చేయుమని రెండవవారు. చిత్తూరు జిల్లాలోని యా స్వామి సత్యప్రమాణములకు పెట్టినది పేరు. ఆయనపై మాకు ఫిర్యాదు లేదు. కాని ఈ తగవులను తీర్పగల జమాఖర్చు పుస్తకములు కచేరీ బీరువాలలోనే పడియుండును. వానిని వెలికి తెమ్మని పట్టుపట్టువారు అరుదు.

ఈ సవాళ్ల యడుగున నొక పురాతన విశ్వాసము దాగియున్నది. దైవభీతి లేనివాని మాటకు పూచీ లేదన్నదే యది. ఆస్తిక నాస్తిక వాదములలో తక్కిన రంగములు సద్దుమణగినను ఈ రంగము సద్దుమణుగదు. భూమి వయస్సును గూర్చియు, జీవజాతుల పుట్టుకను గూర్చియు శాస్త్రజ్ఞులు చెప్పినదానిని నేటి చదువుకొన్న ఆస్తికుడు పెక్కుమార్లు కాదనడు. అది సరియే, దేవుడు లేనిచో నీతికి దిక్కెవరని మాత్రము అడుగును. అడుగదగిన ప్రశ్నయే. వేదాంతులు దీనికి చెప్పిన సమాధానములు గ్రంథములకు గ్రంథములున్నవి. ఈ పంక్తులు వ్రాయువాడు వకీలు వృత్తిలోనివాడగుటచే దీనిని సాక్షిబోనులో నిలిపి విచారింపదలచితిమి. ఏలయన, మనుష్యుని మాటను నమ్ముటకు ఏమి కావలయునన్న సంగతిని న్యాయస్థానములు తరతరములుగా ఆచరణలో పరీక్షించుచునే యున్నవి.

ఇంగ్లీషు న్యాయశాస్త్రమునకు పెద్దదిక్కైన కోక్, క్రైస్తవుడు కానివాడు సాక్ష్యమునకే పనికిరాడని 17వ శతాబ్దిలో వ్రాసెను. ఆ తలుపును కొంత తెరచినది మన దేశపు వ్యాజ్యమే. 1744లో ఉమిచంద్, బార్కరుల వ్యాజ్యమున కలకత్తాలోని హిందూ సాక్షులు తమ యాచారము చొప్పున బ్రాహ్మణుని పాదము తాకి ప్రమాణము చేసిరి. ఆ సాక్ష్యము లండనులో చెల్లునా చెల్లదా యన్నది ప్రశ్న. చెల్లునని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. ఏ దేవుడైన నేమి, అబద్ధమాడినవానిని దండించు దేవుడొకడున్నాడని సాక్షి నమ్మిన చాలునన్నది వారి యాశయము. మనము లోపలికి పోయితిమి. ఏ దేవుని నమ్మనివాడు ఆ వాకిటనే నిలిచిపోయెను.

మన దేశమున 1840 వరకు హిందువు గంగాజలము మీదను, మహమ్మదీయుడు ఖురాను మీదను ప్రమాణము చేయుచుండిరి. ఆ సంవత్సరపు 5వ ఆక్టు ఆ పద్ధతిని మాన్పించినది. తరువాత వచ్చిన 1873 ప్రమాణముల చట్టమున ఒక విచిత్రమైన యేర్పాటుండెడిది. నా ప్రతివాది ఫలాని గుడిలో, ఫలాని విధమున ప్రమాణము చేసినచో నేను దానికి కట్టుబడుదునని వాది చెప్పవచ్చును. ప్రతివాది సరేయని ప్రమాణము చేసినచో ఆ సంగతికి అదియే తిరుగులేని రుజువు. నోటు, రసీదు, గుమాస్తా సాక్ష్యము అన్నియు వెనుకకు పోవును! దేవుని బెదరువాడు బొంకడన్న నమ్మిక మీద నిలిచిన యీ సెక్షన్లకు 1969 చట్టమున చోటు దక్కలేదు. దక్కనందుకు విచారించిన ప్లీడరును మేమెరుగము. దేవుని పేరు చెప్పి, చెప్పిన నిమిషముననే, చూడని కొట్లాటను చూచితినని నదురు బెదురు లేక పలుకు సాక్షులను ప్రతి జిల్లా కోర్టును ప్రతి వారమును చూచుచునే యున్నది. వీరిలో నాస్తికులు ఎందరుందురు?

ఇక రెండవ వైపు చూడుడు. దేవుని పేరు చెప్పుటకు నిరాకరించినవాని గుణమెట్టిది? ఇందులకు చార్లెస్ బ్రాడ్లా కథకన్న మంచి దృష్టాంతము మాకు దొరకలేదు. ఈతడు ఇంగ్లాండున పేరుమోసిన నాస్తికుడు. 1880లో నార్తాంప్టన్ ప్రజలు ఈతనిని పార్లమెంటునకు ఎన్నుకొనిరి. దైవము పేర ప్రమాణము చేయుటకు బదులు ప్రతిజ్ఞ చేయుదునని ఈతడు కోరెను. సభవారు వలదనిరి. అట్లైన మీ ప్రమాణమునే చేయుదును, అది నా మనస్సును కట్టుననెను. నాస్తికుని నోట ఆ మాట చెల్లదని దానికిని అడ్డుపడిరి. ఒక రాత్రి పార్లమెంటు గడియార గోపురమున నిర్బంధించిరి. 1881 ఆగష్టులో సభాద్వారము నుండి బలవంతముగ ఈడ్చివేసిరి. సభ వెళ్లగొట్టుటయు, నార్తాంప్టన్ మరల ఎన్నుకొనుటయు! ప్రతిజ్ఞను అనుమతించు బిల్లును 1883లో, స్వయముగ పరమభక్తుడైన గ్లాడ్‌స్టన్ సమర్థించియు, మూడు వోట్లతో ఓడిపోయెను. 1886లో గాని బ్రాడ్లాకు ఆసనము దక్కలేదు. 1888లో ఈతని కృషి వలననే ప్రతిజ్ఞ చేయు హక్కు చట్టమైనది.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. బ్రాడ్లా అబద్ధీకుడైనచో ఈ యారేండ్ల బాధ ఏల? మొదటి దినముననే నాలుగు మాటలు గొణిగి, ఆసనమున కూర్చుండి, జేబురుమాలుతో మొగము తుడుచుకొని యుండడా? ఆ సభలో అట్లు కూర్చున్నవారు ఎవరును లేకుండిరని నమ్ముట కష్టము. అబద్ధమాడువానికి ఆ ప్రమాణము అడ్డు కాలేదు; తన యవిశ్వాసమును దాచనివానికే అడ్డైనది. జాన్ స్టూవర్ట్ మిల్లు 1859లోనే సాక్షుల విషయమున ఈ విపరీతమును ఎత్తిచూపియుండెను. వినినవారు తక్కువ.

బ్రాడ్లాకు మనము మరియొక విధముగను ఋణపడితిమి. 1889లో బొంబాయి కాంగ్రెసునకు వచ్చి మన పక్షమున నిలిచి, శాసనసభల సంస్కరణకై పార్లమెంటున బిల్లు తెచ్చిన మిత్రుడితడు. 1891 జనవరి 30వ తేదీన మరణింపగా, లండనులో న్యాయశాస్త్రము చదువుచున్న ఇరువదియొక్క యేండ్ల మోహనదాస్ గాంధి ఆ యంత్యక్రియలకు వెళ్లెను. తిరుగు ప్రయాణమున స్టేషనులో ఒక నాస్తికుడు ఒక పాదరిని పట్టుకొని, భూగోళము చుట్టుకొలత ఇంతయని ఒప్పించి, మీ దేవుని కొలత ఎంత, ఆయన ఉండుచోటెక్కడ యని గేలిచేసిన వైనమును గాంధీజీ ఆత్మకథలో వ్రాసికొనెను. ఆ గేలి ఆయనకు నచ్చలేదు. నాస్తికత యెడల వైముఖ్యము హెచ్చినదనెను. మాకును ఆ చుట్టుకొలత వాదము నచ్చలేదు. కొలబద్దకు అందనిది లేదనుట విజ్ఞానము కాదు, విజ్ఞానపు వేషము.

అయినను గాంధీజీ బ్రాడ్లాను మరువలేదు. నలుబది యేండ్లకు, 1931లో, దేవుడే సత్యమనుటకు మారుగా సత్యమే దేవుడని తానేల చెప్పుచున్నాడో లోసాన్ పట్టణమున వివరించునపుడు ఈ నాస్తికునే తలచుకొని, అతడు సత్యభీతి గలవాడు గనుక దైవభీతి గలవాడే యని వాత్సల్యముతో పలికెను. వాత్సల్యము గొప్పదే. కాని ప్రతిపక్షిని అతని యిష్టము లేకయే తన యింటిలో చేర్చుకొనుటయు ఇందు లేకపోలేదు. బ్రాడ్లా బ్రతికియున్నచో అంగీకరింపడని గాంధీజీయే ఒప్పుకొనెను.

సత్యమునకు ఇంకొక ముఖము కలదు. సాక్షి తాను చూచినదానినే చెప్పవలయును. ఎంతటి పుణ్యాత్ముడైనను చూడని కారణమును చూచినట్లు చెప్పరాదు. 1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపము వేలాది ప్రాణములను బలిగొన్నపుడు, అది అస్పృశ్యతా పాపమునకు దైవదండనయని గాంధీజీ తిరునల్వేలిలో ప్రకటించెను. అస్పృశ్యత పాపమగుట నిజము. కాని భూమి కంపించుటకు కారణము హిమాలయముల క్రింద భూఫలకముల ఒత్తిడి. కూలిన యిండ్లలో అస్పృశ్యుల గుడిసెలును ఉన్నవి. దీనిని ఖండించినది నాస్తికుడు కాదు, పరమాస్తికుడైన రవీంద్రనాథ ఠాకూరు. భౌతిక విపత్తునకు భౌతిక కారణమే యుండునని ఆయన వాదము. గాంధీజీ ఆ ఖండనమును ఫిబ్రవరి 16వ తేదీ ‘హరిజన్’లో తానే ప్రకటించి, తన సమాధానమును పక్కననే ముద్రించెను. పత్రికలు నడుపు మనము నేర్వదగిన మర్యాద యిది. ఆ వివాదమున మేము ఠాకూరు పక్షమువారము.

మరి నాస్తికుడు ఒట్టి విజ్ఞానముతో నీతిని నిర్మింపగలడా? దీనికి జవాబు మన కృష్ణాజిల్లాలోనే యున్నది. గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టభద్రులు. నాస్తికభావముల వలన కళాశాల యుద్యోగములు పోగొట్టుకొని, 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు నడపిరి. మాలపల్లెలోని మనుష్యుని నెత్తురును అగ్రహారములోని మనుష్యుని నెత్తురును ఒకటేయని శాస్త్రము చెప్పును. విస్తరి ముందు పక్కపక్కన కూర్చుండుమని అది చెప్పదు. ఆ కూర్చుండుటకు కావలసినది ఎదుటివాని యవమానమును తన యవమానముగ భావించు హృదయము. అది గోరాగారికి ఉండెను, దేవుని నమ్మిన గాంధీజీకిని ఉండెను. వేదములు వల్లించినవారిలో వేలమందికి లేదు. డార్విను చదివినవారిలోను అందరికి లేదు.

1944 నుండి వీరిరువురకు సేవాగ్రామమున సమావేశములు జరిగెను. గోరాగారి పెద్దకుమార్తెకును, నాటి మాటలో హరిజన యువకుడైన వరునకును తన యాశ్రమముననే వివాహము జరిపింతునని గాంధీజీ మాటయిచ్చెను. అంతియ కాదు, ఆ విధిలో దేవుని పేరు వచ్చుచోట సత్యమను మాటను ఉంచుటకు ఒప్పుకొనెను. ఆ దినము చూచుటకు ఆయన మిగులలేదు. బ్రాడ్లా పోయిన జనవరి 30వ తేదీననే, 1948లో, ఆయనను కాల్చిచంపిరి. చంపినవాడు ధర్మరక్షణ పేర చంపినవాడే. వివాహము మార్చి 13వ తేదీన సేవాగ్రామమున జరిగినది. ఆయన మాట నిలిచినది.

రాజ్యాంగసభ ఈ విషయమున చూపిన వివేకమును తలపక తప్పదు. 1949 అక్టోబరు 17వ తేదీన, రాజ్యాంగ పీఠికను దైవము పేరుతో ప్రారంభింపవలెనని కామత్ గారు తీర్మానము తెచ్చిరి. అనుకూలము 41, ప్రతికూలము 68. కాదన్న యరువదియెనిమిదిమంది నాస్తికులని ఎవరనగలరు? విశ్వాసము బలవంతమునకు లొంగరాదన్నదే నాటి వాదము. మూడవ షెడ్యూలున మంత్రికిని శాసనసభ్యునకును రెండు దారులుంచిరి: దైవము పేర ప్రమాణము, లేక నిష్ఠతో ప్రతిజ్ఞ. 1969 చట్టపు 5వ సెక్షను సాక్షికిని అదే స్వేచ్ఛ నిచ్చినది. ప్రమాణము చేసినను, ప్రతిజ్ఞ చేసినను, కోర్టులో కూటసాక్ష్యమునకు భారతీయ న్యాయసంహిత 229వ సెక్షను క్రింద ఏడేండ్ల వరకు కారాగారము. దేవుని పేరు చెప్పినవానికి ఒక దినమైనను తగ్గింపు లేదు.

కాని చట్టమున నున్నది బోనులోని మనుష్యునకు తెలియవలయును గదా. సమను అందుకొని పల్లె నుండి వచ్చిన సాక్షి చేతులు జోడించి నిలువగా, బెంచి గుమాస్తా ‘దేవుని యెదుట’ అని గడగడ చదువును, అతడు గడగడ అనును. రెండవ పాఠమొకటి కలదని చెప్పువారుండరు. చదువుకొన్న నాస్తికుడొకడు ప్రతిజ్ఞ చేయుదునన్నచో, ఎదుటి ప్లీడరు పెదవి విరుచుటయు, ఈతడు పెంకెవాడను భావము కోర్టుహాలులో వ్యాపించుటయు మేమెరిగినదే. ప్రతి సాక్షిబోను పక్కను ఈ రెండు పాఠములను పెద్ద తెలుగు అక్షరములలో వ్రాయించి తగిలించుటకు ఖర్చు స్వల్పము. ఏది యిష్టమో గుమాస్తా ముందుగ అడుగవలెనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు ఒక సర్క్యులరు పంపిన చాలును. బార్ అసోసియేషనులు ఈ తీర్మానమును తక్షణము చేయవలయును.