రిజిస్ట్రేషన్‌లో ఒక చిన్న వాటా రోడ్డు సాయానికి

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. సీతారామపురం ఘాట్‌లోనో, మర్రిపాడు దాటి బద్వేలు వైపు పోయే కొండదారిలోనో రాత్రిపూట బండి ఆగిపోతే తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేయాలి, లేదంటే దారిన పోయే లారీకి చేయెత్తాలి. మనిషికి దెబ్బ తగిలితే 108 వస్తుంది. టైరు పేలినా, ఇంజను మొరాయించినా, లారీ రోడ్డుకు అడ్డంగా పడినా అంత నమ్మకంగా పిలవదగ్గ ఏర్పాటు ఈ మెట్ట మండలాలకు కావాలి.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. చీకట్లో ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొట్టడం మన రోడ్లపై తరచూ జరిగే ఘోరం. ఆగిన బండిని త్వరగా పక్కకు తీయించడమంటే తర్వాతి ప్రమాదాన్ని ఆపడమే.

జాతీయ రహదారులకు 1033 నంబరు ఉంది. కానీ ఆ సేవలో క్రేన్లు, గస్తీ బండ్లు ఎక్కువగా టోల్‌ప్లాజాలున్న దారులనే అంటిపెట్టుకుని ఉంటాయి. రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. మంచిదే. కానీ ఆ వైద్యం ఆసుపత్రి గడప దాటాకే మొదలవుతుంది. గడప దాకా చేరే దారి సంగతీ చూడాలి.

ఇలాంటి ఏర్పాటుకు డబ్బు ఎక్కడిది? కాలిఫోర్నియాలో 1980ల నుంచి కౌంటీలు రిజిస్ట్రేషన్‌తో పాటు బండికి ఏడాదికి ఒక డాలరు వసూలు చేసి రోడ్ల పక్కన అత్యవసర ఫోన్లు పెట్టాయి. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ ఫోన్ల అవసరం తగ్గింది. ఆ నిధి గస్తీ సేవలకూ తోడ్పడింది. మన పక్కనే తమిళనాడు కొత్త వాహనాలపై రోడ్డు భద్రతా పన్ను వేస్తోంది. కేరళ 2007లో ప్రత్యేక చట్టం చేసి, వాహనాలపై ఒకసారి సెస్సుతో పాటు జరిమానాల్లో వాటానూ రోడ్డు భద్రతా నిధికి మళ్లించింది.

మన దగ్గర ఒక చిక్కుంది. సొంత బండికి లైఫ్‌ట్యాక్స్ ఒకేసారి కట్టేస్తాం కాబట్టి కాలిఫోర్నియాలోలా ఏటా రుసుము తీసుకునే వీలు లేదు. ఏడాదికి పది వేల కొత్త బండ్లు రిజిస్టరై, బండికి నూరు రూపాయలు తీసుకున్నా వచ్చేది పది లక్షలే. రెండు క్రేన్లను రాత్రింబవళ్లు నడపడానికి అది చాలదు. అందుకే కేరళ బాటలో జరిమానాల్లో వాటా కలపాలి. కృష్ణపట్నం రేవు సరుకుతో ఆత్మకూరు మీదుగా సాగిపోయే లారీల భారాన్ని ఇక్కడి రైతు మోటారుసైకిల్‌పై మోపకూడదు. ఆ లారీల వల్ల పడే ఖర్చు రహదారి నిధుల నుంచే రావాలి.

వాహన పన్ను రాష్ట్ర జాబితాలోని అంశం. ఆత్మకూరు మున్సిపాలిటీ గానీ, ఉదయగిరి పంచాయతీ గానీ సొంతంగా విధించలేవు. చట్టం అమరావతిలోనే జరగాలి. 2019 నుంచి రాష్ట్రమంతా నంబరు ప్లేటుపై ఒకే కోడ్ వచ్చినా, యజమాని చిరునామా రికార్డుల్లో ఉంది కనుక ఏ మండలం వాటా ఎంతో తేల్చడం కష్టం కాదు.

ఆ డబ్బు ఖజానాలో కలిసిపోకుండా జిల్లా రోడ్డు భద్రతా కమిటీ కింద వేరే ఖాతాలో ఉండాలి. ఆత్మకూరులో ఒకటి, ఉదయగిరిలో ఒకటి చొప్పున క్రేన్, గస్తీ బండి, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది ఉండాలి. సిగ్నల్ అందని ఘాట్ మలుపుల్లో సౌరశక్తితో పనిచేసే ఫోన్లు పెట్టాలి. 2025 సెప్టెంబరులో సంగం మండలం పెరమన దగ్గర ఎదురుదారిలో వచ్చిన టిప్పర్ కారును ఢీకొని ఏడుగురు చనిపోయారు. రోజంతా తిరిగే గస్తీ ఉంటే ఇలాంటి ఎదురుదారి ప్రయాణాలనూ ముందే పట్టుకోవచ్చు.

ప్రజలు కట్టేది ఎంతో, ఎన్ని పిలుపులకు ఎన్ని నిమిషాల్లో బండి చేరిందో ప్రతి మూడు నెలలకూ మండల కార్యాలయాల్లో అంటించాలి. లెక్క కనిపిస్తే నూరు రూపాయలు ఎవరికీ భారం కావు. ఉదయగిరి, ఆత్మకూరు శాసనసభ్యులు ఈ ప్రతిపాదనను కలిసి సభ ముందుకు తేవాలి.