ముగింపు తెలియక కాదు



గత సంచికలో రాక్ సంగీతంపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే ‘పాటను ఎలా ముగించాలో తెలియకే ఆనాటి బృందాలు చివర్లో శబ్దం తగ్గించేసేవి’ అన్న మాటను ఒప్పుకోలేను.

బీటిల్స్ సంగతే చూడండి. 1967 నాటి ‘ఎ డే ఇన్ ద లైఫ్’ చివర పలువురు కలిసి పియానోల మీద ఒకే స్వరసమూహాన్ని (కార్డ్‌ను) ఒక్కసారిగా మోగించారు. ఆ నాదం 40 సెకన్లకు పైగా నిలుస్తుంది. అది సన్నగిల్లే కొద్దీ ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ రికార్డింగ్ స్థాయి పెంచుతూ పోయారు. చెవి ఒగ్గి వింటే స్టూడియోలో కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. 1969లో వచ్చిన ‘ఐ వాంట్ యూ’లో ఒకే గిటార్ వరస మళ్లీ మళ్లీ వస్తూ, హోరు పెరుగుతూ ఉండగా పాట ఉన్నట్టుండి తెగిపోతుంది. అక్కడ టేపు కోసేయమన్నది బృంద సభ్యుడు లెననే.

శబ్దం తగ్గించడమూ ఆలోచించి చేసిందే. 7 నిమిషాలు దాటిన ‘హే జూడ్’లో సగానికి పైగా చివరి బృందగానమే. అది మెల్లగా దూరమవుతుంటే జనం పాడుకుంటూ ముందుకు సాగిపోయినట్టుంటుంది. మరో బృందం పాట ‘హోటల్ కాలిఫోర్నియా’లో మాటలు ముగిశాక డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు వంతులవారీగా పలికి, ఆపై జంటగా కలిసి మెల్లగా సన్నగిల్లుతాయి. హోటల్ నుంచి బయటపడే దారి లేని ఆ పాటలోని కథకు ఆగని సంగీతమే తగిన ముగింపు.

వ్యాసకర్త ఈ పాటలను ఆఖరి క్షణం దాకా విని, ముగింపుల మీదే మరో వ్యాసం రాయాలని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు