రత్నగిరి సూర్యగడియారం వద్ద ఆగ్మెంటెడ్ రియాలిటీ సదుపాయం కోసం వినతిపత్రం

గౌరవనీయులైన కార్యనిర్వహణాధికారి గారికి,
శ్రీ వీర వెంకట సత్యనారాయణ స్వామివారి దేవస్థానం,
అన్నవరం, కాకినాడ జిల్లా.

అయ్యా,

అన్నవరం వాసులం, కొండ మీద చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లం, విద్యార్థులం కలిసి తమకు విన్నవించుకునేది ఏమనగా:

పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రి గారు రూపొందించిన సూర్యగడియారం మన రత్నగిరి కొండకు గర్వకారణం. వ్రతం ముగించుకుని వచ్చిన భక్తులు నీడ ఏ గీత మీద పడిందో చూసి, వెంటనే ఫోన్ తీసి టైము సరిచూసుకుంటారు. కార్తీకం రద్దీ ఉండే నవంబరు మొదట్లో సూర్యుడి సమయం మన గడియారాల కంటే సుమారు 16 నిమిషాలు ముందుంటుంది. సవరణ లెక్క తెలియనివారు "ఇది తప్పు చూపిస్తోంది" అనుకుని వెళ్లిపోతారు.

తప్పు గడియారానిది కాదు. భూకక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, భూమి అక్షం వాలి ఉండటం వల్ల ఈ తేడా వస్తుంది. ఫిబ్రవరిలో సూర్యుడి సమయం సుమారు 14 నిమిషాలు వెనకబడుతుంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన ఊరికి దగ్గరలోనే పోతుంది కనుక, స్థలాన్ని బట్టి రావలసిన తేడా ఇక్కడ అర నిమిషమైనా ఉండదు. ఇంత గొప్ప విషయం భక్తులకు తెలియకుండా పోతోంది.

దాన్ని అక్కడికక్కడే తెలియజేయగలది, ఎదుటి దృశ్యం మీదే బొమ్మలు, వివరాలు ఫోన్ తెరపై చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీ. 2016లో పోకెమాన్ గో ఆటతో జనానికి దగ్గరైంది. 2017లో ఆపిల్ ఏఆర్‌కిట్, 2018లో గూగుల్ ఏఆర్‌కోర్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక చాలా ఫోన్లలోకి చేరింది, ఇప్పుడు కళ్లజోళ్లలోకీ వస్తోంది. మన కొండ గురించి బయటివాళ్లు తోచింది చూపించకముందే, సరైన సమాచారాన్ని దేవస్థానమే సిద్ధం చేయాలి.

మా కోర్కెలు:

1. సూర్యగడియారం వద్ద క్యూఆర్ కోడ్ పెట్టాలి. కెమెరా అటు తిప్పగానే నీడను చదివే తీరు, ఆ రోజు సవరణ, ఫోన్ టైముతో పొంతన తెరపై కనిపించాలి.

2. రథాకారంలోని ఆలయం, నాలుగు మూలల చక్రాలు, కింది అంతస్తులోని యంత్రం, పై అంతస్తులోని స్వామివారి సన్నిధి గురించి బయటి ప్రాంగణంలోనే ఇదే పద్ధతిలో వివరించాలి. గర్భాలయంలో కెమెరాకు తావివ్వరాదు.

3. ఈ సదుపాయం యాప్ దింపుకోనక్కర్లేకుండా, తక్కువ ధర ఫోన్లలోనూ తెరుచుకోవాలి. ఫోన్ నంబరు అడగరాదు, ప్రకటనలు వేయరాదు, భక్తుల కెమెరా దృశ్యాలు దాచుకోరాదు.

4. సమాచారం ముందుగా తెలుగులో ఉండాలి. ఆలయ విషయాలను అర్చక పండితులు, కాలగణనను సిద్ధాంతులు, భౌతికశాస్త్ర అధ్యాపకులు సరిచూడాలి.

5. తయారీలో, నిర్వహణలో చుట్టుపక్కల డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థులకు శిక్షణ, ఉపాధి కల్పించాలి.

6. ఫోన్ లేనివారి కోసం తేలిక తెలుగులో పెద్ద అక్షరాల బోర్డు, రద్దీ రోజుల్లో వివరించే మనిషి ఉండాలి.

ఖర్చు ఒక్కసారిగా కుదరకపోతే మొదటి, ఆరో కోర్కెలనైనా వచ్చే కార్తీక మాసానికి ముందే నెరవేర్చాలని, మిగిలినవాటికి గడువు ప్రకటించాలని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
అన్నవరం గ్రామస్థులు, చిరువ్యాపారులు, విద్యార్థులు.

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారికి, కాకినాడ; రాష్ట్ర పర్యాటక శాఖ అధికారులకు.